మూడో సీసా

సంగం దగ్గర ఒకటి,
పెద్ద వంతెన కింద ఒకటి,
సర్వేపల్లి కాలువ మలుపులో మూడోది.
నెలకు రెండుసార్లు
ఐసు డబ్బా భుజానేసుకుని
పెన్న నాడి పట్టడానికి పోతాను.
డాక్టర్ని కాను. కాంట్రాక్టు మనిషిని.
నెలల తరబడి ఎండి
జీతం ఒక్కసారిగా వస్తుంది, ఏరులాగే.

సీసాను నీళ్ళలో పడుకోబెట్టి ముంచాలి.
ఒక్క బుడగ మిగలకూడదు.
రెండు మందులు చుక్కలు చుక్కలుగా వేసి
మూత బిగించి తిరగేస్తే
లోపల మబ్బు పడుతుంది.
గోధుమరంగు మబ్బయితే ఏట్లో ఊపిరుంది.
సంగం సీసా ఎప్పుడూ బెల్లం పాకం.
వంతెన కిందది పలచటి టీ.
మూడోది
ఈ చైత్రంలో
బియ్యం కడుగులా తెల్లగా తేలింది.
తెలుపు ఇంత చెడ్డ రంగని
నాకు ఈ ఉద్యోగమే చెప్పింది.

గట్టు మీద పోలమ్మ నవ్వింది.
"అంత మందెందుకు సారూ,
నత్తలు తుంగ మీదికెక్కి రెండ్రోజులాయె.
జల్లలు నోరు పైకెత్తి
గాలి అడుక్కుంటా ఉండాయి.
నిన్న బుట్టెడు పట్టినా.
పట్టడం కాదులే, ఏరుకున్నా.
తినేదానికి మనసు రాలా."
నా రిజిస్టర్లో ఆ మాటకు గడి లేదు.
అంచున పెన్సిలుతో రాసుకున్నాను.

కలెక్టరాఫీసు మీటింగులో
రైసుమిల్లాయన చేయి రొయ్యల గుంటల వైపు,
రొయ్యలాయన చేయి మునిసిపాలిటీ వైపు,
మునిసిపాలిటీ చేయి ఎగువకి.
ఎగువ నుంచి ఎవరూ రాలేదు.
వచ్చుంటే వాళ్ళకీ ఒక ఎగువ ఉండేది.
సోమశిల నీళ్ళొదిలి పలచన చేద్దామన్నారొకరు.
"పెరుగు పలచన చేస్తే మజ్జిగ.
విషాన్ని చేస్తే ఏమైతదయ్యా?
ఆ నీళ్ళు మా ఎడగారువి"
అని ఒక రైతు కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.
బిస్కెట్లు వచ్చాయి.

వెనక గోడకానుకున్న
లస్కరు కాలేషా అప్పుడు దగ్గాడు.
ముప్పయ్యేళ్ళు తూముల తాళాలు మోసిన నడుం.
"మంచినీళ్ళకి వంతులుండాయి గదా,
రాత్రి నీ మడికి, తెల్లారి ఆయన మడికి.
వంతు తప్పితే తలకాయలు పగిలేవి.
మురుగుకి మాత్రం వంతెందుకు లేదు?
ఎవురు ఏ రోజు ఎంత వదిలేదీ
ఒక పుస్తకంలో రాయండి.
ఆ పుస్తకం నా కాడ గాదు, మీ కాడా గాదు,
ఏట్లో చేపలు పట్టేవాళ్ళ కాడ ఉండాల."
కాసేపు ఫ్యాను ఒక్కటే మాట్లాడింది.

మొదటి పేజీకి గీతలు కొట్టే పని నాకిచ్చారు.
మిల్లు. గుంటలు. ఆసుపత్రి. అద్దకం షెడ్డు.
ఐదో గడి దగ్గర కలం ఆగింది.
మూలాపేటలో మా ఇల్లు.
స్నానాల గది గొట్టం సందు కాలువలోకి,
సందు కాలువ పెద్ద కాలువలోకి.
అది ఏ మలుపులో తేలుతుందో
పన్నెండేళ్ళుగా సీసా ముంచేవాణ్ణి
తెలియదనలేను.
రాశాను, ఇంటి నంబరుతో సహా.
వదిలే రోజు అన్నచోట: రోజూ.

పుస్తకం ఇప్పుడు పోలమ్మ గుడిసె చూరులో,
ప్లాస్టిక్ కవరులో ఉంది.
మనవరాలు చదివి వినిపిస్తుంది.
ఐదో గడి విని
"పాపం, ఈ సారుకి సెలవే లేదా?" అందట.

నిన్న మూడో సీసా తిరగేశాను.
తెలుపే.
అడుగున ఆవగింజంత గోధుమ ఉందో,
నా కళ్ళు కోరుకున్నాయో.
గడిలో సున్నా వేశాను.
అంచున, పెన్సిలుతో:
నత్తలు దిగాయేమో
రేపు పోలమ్మనడగాలి.