ఇంట్లో పిలిచే పేరు

ఏప్రిల్. గుంటూరు. రాత్రి పదకొండు దాటినా
మిర్చియార్డు గేటు దగ్గర ట్రాక్టర్లు కదల్లేదు.
కాటా పక్కన టాబ్లెట్లో చిన్న చక్రం
తిరుగుతూనే ఉంది.
నలభై రెండు టిక్కీల తేజ తెచ్చిన రైతు
చక్రాన్ని చూస్తాడు, నన్ను చూస్తాడు,
తువ్వాలుతో ముక్కు తుడుచుకుంటాడు.

లెక్క ఒక్కచోట లేదు.
మూడు సర్వర్లలో మూడు నకళ్లు.
ముగ్గురిలో ఇద్దరు ఔనంటే అదే లెక్క.
నిన్నటిదాకా గర్వంగా చెప్పుకున్నాను.

మూడూ బతికే ఉన్నాయి, ఏసీ గదుల్లో
ఒకదానితో ఒకటి కబుర్లాడుకుంటూ.
టాబ్లెట్ ఒక్కటే బయట నిలబడి
తలుపు కొడుతోంది.

లాగ్ తెరిచి గీత గీత చదివాను.
మొదటి తలుపు తెరుచుకుంది. పలకరింపూ అయింది.
"మీవాళ్లంతా ఎక్కడుంటారు?" అందిది.
సర్వరు అబద్ధమాడలేదు.
పది, సున్నా, సున్నా, ఐదు: ఇది నేను.
ఏడు మా తమ్ముడు. తొమ్మిది చిన్నోడు.
నేనిచ్చిన చిరునామా చెరిపేసి
ఆ మూడే రాసుకుంది పిచ్చిది.
ఐదు సెకన్లు. మళ్లీ. ఐదు సెకన్లు.

నిన్న ఇవన్నీ ఆఫీసు వైఫైలో ఉండేవి.
ఇవాళే సిమ్ములేసి కాటాలకి పంపాం.

ముఠామేస్త్రి ఏసోబు, చెవిమీద వెలిగించని బీడీ,
"ఏందమ్మా, లోపల మనుషుల్లేరా?"
"ఉన్నారు. ఇంట్లో పేర్లు చెబుతున్నారు."
నవ్వాడు.
"మా చిట్టిబాబుని ఇంటికాడ బుడ్డోడంటారు.
ఆళ్ల సందులో అడిగితే మంచం దాకా తీసకపోతారు.
పొన్నూరు రోడ్డు మీద నిలబడి
బుడ్డోడేడీ అని అడుగు, చూద్దాం!
ప్రతి కొంపలో ఒకడుంటాడు."

మూడు సర్వర్లలో మూడు వరుసలు మార్చాను:
బయటివాళ్లు అడిగితే ఈ పేరు చెప్పండి.
ఒక్కొక్కదాన్నే నిద్రపుచ్చి లేపాను,
అది లేచేదాకా మిగతా రెండూ
బరువు మోశాయి.

పన్నెండూ నలభై. చక్రం ఆగింది.
ప్రింటరు ఒకసారి దగ్గి చీటీ కక్కింది.
"బత్తుల యల్లమందయ్య!" చదివాను గట్టిగా.
ఎవరూ పలకలేదు.
మళ్లీ పిలిచాను.
ఎదురుగా ఉన్న రైతే అటూ ఇటూ చూసి
"ఓ, నేనే గదా" అన్నాడు.
"ఆ పేరెట్టి పిలిచినోళ్లు లేరు, చానా ఏళ్లయింది."

ఏసోబు అప్పటికే టిక్కీకి
కొక్కెం వేశాడు.