ఏడు కిలోలు

ఐఫెల్ కొండల మీద ఇంకా తెల్లారలేదు.
షెడ్డు తలుపు సగం ఎత్తి
కారు చుట్టూ నైలాన్ దారం బిగించాను.
లేజర్ యంత్రం ఉంది, మూలన, దుప్పటి కప్పుకుని.
నాకు దారమే నమ్మకం.

ముందు చక్రాలు పైన లోపలికి వాలాలి,
చలికి భుజాలు ముడుచుకున్న మనిషిలా,
రెండున్నర డిగ్రీలు.
ముక్కులు మాత్రం వెంట్రుకవాసి ఎడం.
ఊరికే అనే మాట కాదది,
నా దగ్గర వెంట్రుకవాసికి లెక్కుంది: అర మిల్లీమీటరు.

డ్రైవరు సీట్లో మార్లీస్ బదులు
బంగాళాదుంపల బస్తా కూర్చోబెడతాను.
అరవై ఒక్క కిలో.
పదకొండేళ్లుగా
నూనె మరకల పుస్తకంలో అదే అంకె.

నిన్న వచ్చింది, ఎనిమిది నెలల తర్వాత,
ఉన్ని టోపీ చెవుల దాకా లాక్కుని.
జాకెట్టులో ఎక్కడో ఉంది మనిషి.
తాళాలు బల్ల మీద పెట్టి
"ఎగోన్, ఎప్పటిలాగే" అంది.
సరేనన్నాను.

రాత్రి బస్తా మూతి విప్పి
ఒక్కో దుంపా తీశాను.
ఆమెను అడగలేదు, కంటితోనే తూచాను.
ఏడు కిలోలు.
ఎడమ స్ప్రింగు కింద రింగు
పావు చుట్టు వదిలాను.
నాలుగు తూకాల మీద కారు
ఒకసారి నిట్టూర్చి సర్దుకుంది.

ఇప్పుడు గేటు దాటి
మొదటి మలుపులోకి దిగుతోంది.
మంచులో ఏమీ కనపడదు. వింటున్నాను.
టైరు కీచుమనలేదు.

తిరిగొచ్చి, ఇంజను ఆపకుండానే
అద్దం దించింది.
"ఏం మార్చావు?"
"ఏం లేదే.
ఉండు, దుంపల సూపు తాగి వెళుదువు.
బోలెడుంది."