నీలం పెన్సిలు

శనివారం రాత్రికి
బుధవారమే సంచి సర్దుకుంది.
ఒక గౌను, పళ్ళు తోముకునే బ్రష్షు,
చెవి తెగిన గుడ్డ కుందేలు,
మూడు ఉస్మానియా బిస్కెట్లు:
ఒకటి జునైరాకి, ఒకటి వాళ్ళ తమ్మునికి,
ఒకటి "ఏడుపొస్తే నాకు".

సైదాబాద్ ఎంత దూరమని?
మా మలక్‌పేట మిద్దె ఎక్కితే
వాళ్ళింటి నల్ల ట్యాంకు కనిపిస్తది.
అయినా ఆరేళ్ళ మైత్రేయికి అది వేరే దేశం.
అక్కడ బాత్రూం లైటు స్విచ్చు
ఏ పక్కనుంటదో తెల్వదు.

గురువారం హాల్ల పక్కేసి చూసిన.
"ఇది జునైరా వాళ్ళిల్లు. నేను ఫర్హత్ ఆంటీని" అన్న.
"ఆంటీ, మీ గొంతు అచ్చం మా అమ్మ లెక్కనే ఉంది."
రాత్రి రెండింటికి దిండు చంకల పెట్టుకొని వచ్చి
నా పక్కన ఒరిగింది,
ఆంటీ వాళ్ళింట్ల దోమలున్నయని.

శుక్రవారమంతా ప్రశ్నలు.
వాళ్ళింట్ల టమాట పప్పుంటదా?
ఖట్టీ దాల్ ఉంటది, దాని చెల్లెలే.
రాత్రి దాహమైతే?
ఎవరినైనా లేపు. ఎవరూ కోపం చెయ్యరు.
పక్క తడిస్తే?
ఇది చెవిల అడిగింది, ఇంట్ల ఇద్దరమే ఉన్నా.
నాకు తొమ్మిదేళ్ళ దాకా తడిసేదని చెప్పిన.
అమ్మకి తప్ప ఎవరికీ తెల్వని మాట,
దాని చేతిల పెడితే ఎంత తేలికైందో.

అప్పుడొక గుట్టు కుదుర్చుకున్నం.
ఉండలేకపోతే ఫోన్ చేసి
"అమ్మా, నీలం పెన్సిలు మర్చిపోయిన" అంటే చాలు.
ఎందుకని అడగను. స్కూటరేసుకొని వస్త.
వానైనా సరే.

శనివారం పొద్దుమూకి
గడపల చెప్పులిడిచి జునైరాతోని లోపలికి ఉరికింది.
వెనక్కి చూస్తదని నిలబడ్డ.
"ఫికర్ నక్కో" అని ఫర్హత్ నా భుజం తట్టింది.

తొమ్మిది. తొమ్మిదిన్నర.
చార్జింగ్ నిండిన ఫోనుకి మళ్ళ చార్జింగ్ పెట్టిన.
పది దాటినంక మోగింది.
తాళంచెవి అప్పటికే చేతిల ఉంది.

"చెప్పు బిడ్డా. పెన్సిలా?"
"పెన్సిల్ కాదు." గుసగుస. వెనక జునైరా కిచకిచ.
"ఇక్కడ రైలు లేదమ్మా.
రైలు పోకుంటే నిద్రెట్ల వస్తది?
ఫోను కిటికీల పెట్టు."

పుట్టినప్పటిసంది పట్టాల పక్కన పన్న పిల్ల.
సంచిల అన్నీ పెట్టిన గని
ఆ చప్పుడు నాకు యాదికే రాలే.

ఊచల సందుల్నించి చెయ్యి చాపి నిలబడ్డ.
ఫలక్‌నుమా బండి ఆ రోజే ఆలస్యం.
చెయ్యి గుంజుతుంటే ఇంకో చేతికి మార్చుకున్న.
కింద ఇరానీ హోటల్ల షట్టర్ దించుతున్నరు.
వచ్చింది ఎట్లనో,
అద్దాలను, గిన్నెలను, గోడ మీది క్యాలెండర్ను
కదిలించుకుంట.
ఆఖరి డబ్బా పోయేదాక పట్టుకున్న.

"విన్నవా?"
అవతల ఒక ఊపిరి. ఇంకో ఊపిరి.
ఆ తర్వాత ఫర్హత్ గొంతు, మెల్లగ:
"సో గయీ."

బండి రాకముందే పడుకుందో,
విన్నంకనే పడుకుందో.
తాళంచెవి మేకుకి తగిలించి
డబ్బాల మిగిలిన ఉస్మానియా బిస్కెట్టు
ఒకటి తిన్న.