స్త్రీ పట్టని గడి

గవర్నరుపేటలో మెట్ల కింద ఒక కొట్టు.
మెట్లు పళ్ళ డాక్టరువి, కింద చీకటి మొహిద్దీన్‌ది.
రేడియోలు బాగుచేయబడును అని బోర్డు.
బాగైనదాన్ని మళ్ళీ విప్పేవాడు,
లోపల ఇంకేం పలుకుతుందో చూద్దామని.

నేను ఏలూరు రోడ్డులో ప్రూఫులు దిద్దేదాన్ని,
ఫారానికి రూపాయిన్నర.
మా కంపోజిటర్ జకరయ్య
అక్షరాల్ని తిరగేసి చదివేవాడు,
మనుషుల్ని మాత్రం తిన్నగానే.

ఇద్దరి చేతులకీ సీసమే.
ఒకరిది అచ్చు, ఒకరిది అతుకు.
ఒక వేసవిలో టంకం తీగ దొరక్క
మొహిద్దీన్ వచ్చి అరిగిన టైపు అడిగితే
గుప్పెడు బండి ఱ లు దోసిట్లో పోశాడు జకరయ్య,
"వీటినెవరూ పిలవట్లేదు, తీసుకుపో."
కరిగించి వేసిన అతుకు
తెల్లారేసరికి పుటుక్కున విరిగింది.
"దాన్లో ఆంటిమొనీ ఉంటదయ్యా!
అచ్చుకి నిలబడ్డం తెలుసు, అంటుకోడం తెలీదు."
ఎందుకో ఆ రోజంతా సంతోషంగా ఉన్నాడు.

ఆదివారాలు ఆ మెట్ల కింద నలుగురు.
ఇబ్రహీంపట్నం థర్మల్లో నైట్‌షిఫ్టు దిగి నిద్రపోకుండా వచ్చే పట్టాభి,
టెలిఫోన్ లైన్‌మన్ ఒకడు,
పేరు గుర్తులేని పాలిటెక్నిక్ కుర్రాడు.
నలుపు, గోధుమ, ఎరుపు, నారింజ
అదే వాళ్ళ గుణింతం.
మద్రాసు నుంచి రాత్రి రైల్లో
అరటిపండు తొక్కల మధ్య దాక్కుని వచ్చింది చిప్పు.
డొక్కు టీవీ వీపు విప్పి దానికి కట్టారు.
ఎవరూ అడగని పని,
జీతం లేని పని,
ఇంట్లో తిట్లు మాత్రం ఉన్న పని.

అ వచ్చింది.
క వచ్చింది, తలకట్టు కాస్త ఊడి.
"తెలుగు సరిగ్గా తెలిసినవాళ్ళు కావాలి"
అని నా కోసం కబురు.
గ్రాఫు కాగితం మీద ఎనిమిది గళ్ళు, ఎనిమిది వరసలు.
"స్త్రీ రాయండి" అన్నాను.

ఫ్యాను చప్పుడు వినపడింది.
పైన గుడిదీర్ఘం, కింద త వత్తు, చుట్టుకుంటూ క్రారవడి.
ఎనిమిది గళ్ళలో స్త్రీ పట్టలేదు.
"కొంచెం నొక్కితే?" అన్నాడు పట్టాభి.
"నొక్కొద్దు. గడి పెంచండి."

నాలుగు నెలలు పట్టింది.
రెండు చిప్పులు మాడాయి,
మొహిద్దీన్ చేతివాచీ బీసెంట్ రోడ్డులో ఎవరి చేతికో వెళ్ళింది.
ఒక రాత్రి, కరెంటు వచ్చిపోయే సందులో,
వణుకుతూ,
ఏ వత్తూ తెగకుండా
నిలబడింది.
నేను ఏడ్చానని పట్టాభి అంటాడు.
రోజిన్ పొగ, అంతే.

తరవాత సంగతి చెప్పబుద్ధి కాదు.
మా ప్రెస్సు టైపు కేసులు
కిలోల లెక్కన పాత సామాను బండెక్కాయి.
తక్కెడలో ముందు పడింది ఏ అక్షరమో నేను చూడలేదు.
గడి పెంచమన్నది నేనేగా.
జకరయ్యకి కీబోర్డు నేర్పారు.
రెండు వేళ్ళతో వారం కొట్టి లేచిపోయాడు,
"ఇంత తిన్నగా ఉంటే
చదవలేకపోతున్నానమ్మా."

ఇప్పుడు నా గదిలోంచే పుస్తకం వెళ్ళిపోతుంది,
కాగితం కట్ట లేదు, రిక్షా లేదు, బైండరు గడువు లేదు.
అర్ధరాత్రి రేపల్లె నుంచి ఎవరో
నలభయ్యో పేజీలో వత్తు జారిందంటారు,
తెల్లారేలోగా దిద్దేస్తాను.
ఆ తప్పు ఎప్పుడూ లేనట్టే ఉంటుంది.
తప్పొప్పుల పట్టిక వేసే రోజుల్లో
కనీసం తప్పుకి ఒక పేజీ ఉండేది.

ఫోన్లో స్త్రీ అని కొడతాను.
స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం.
గడి దానంతటదే జరిగి చోటిస్తుంది.
ఎవరూ ఊపిరి బిగపట్టరు.

మొహిద్దీన్ పోయాక వాళ్ళబ్బాయి
కొట్టు ఖాళీ చేస్తూ ఇచ్చిన పౌడరు డబ్బాలో
విరిగిన ఆ అతుకు ఉంది.
సగం కరిగిన బండి ఱ.
ఇంకా చదవొచ్చు,
తిరగేసి.