ఇతరములు

గుర్‌గావ్ నుంచి వచ్చిన ట్రైనింగ్ సారు
గోడ మీద పటం ఏసి చూపిచ్చిండు.
ఆకుపచ్చ రంగున్న కాడ హైబ్రిడ్ పోతదట,
బూడిద రంగున్న కాడ డీజిలే నడుస్తదట.
హైదరాబాదు పచ్చగ మెరిసింది.
చౌటుప్పల్ దాటంగనే బూడిద మొదలు,
నకిరేకల్, మిర్యాలగూడ, దేవరకొండ,
అటు అచ్చంపేట, కొల్లాపూర్ దాక
పొయ్యిలకెల్లి ఎత్తి పోసినట్టు.
"ఎందుకు?" అన్నడు సారు.
"రాసి పంపుండ్రి. రెండు లైన్లల్ల."

రెండు లైన్లల్ల ఎట్ల వస్తది సారూ.

నాలుగేండ్లు కొండాపూర్ల అమ్మిన నేను.
అక్కడోళ్ళు బండ్లె కూసోని చెవి ఒగ్గేది,
ఏమీ వినపడకుంటే మురిసేది.
అర్ధరాత్రి ఆఫీసు నుంచి వస్తే
పై ఫ్లాటుల పసిపిల్ల లేవొద్దు,
సిగ్నల్ కాడ ఎనభై సెకండ్లు
నూనె ఉత్తగ కాలొద్దు.
మంచి లెక్కే. కాదనను.

ఇక్కడ నల్లగొండ షోరూంకు
నిడమనూరు నుంచి జానయ్య వచ్చిండు.
ఆరెకరాల బత్తాయి, నాలుగెకరాల వరి,
తువ్వాలల చుట్టిన పాసుబుక్కు.
"హైబ్రిడ్ బండి ఉన్నది, చూస్తవా?" అన్న.
నవ్విండు.
"హైబ్రిడ్ జొన్న తిన్న. హైబ్రిడ్ పత్తి పెట్టిన.
ఆ యేడు చెట్టు నా బుజం దాక లేసింది,
కాయ మాత్రం కాయలే.
సంచి మీది బొమ్మ పట్టుకోని
మూడేండ్లు కోర్టు చుట్టు తిరిగిన.
ఇది గూడ కాయకుంటే
ఎవల్ని అడగాలె బిడ్డా?"

బ్రోచరు తిరగేసిన.
ముప్ఫై రెండు పేజీలల్ల దానికి జవాబు లేదు.

హాలియ బంకుల ఆయనకొక ఖాతా ఉన్నది.
ట్రాక్టరుకు, మందు కొట్టే మిషనుకు, పాత కారుకు
ఒక్కటే డబ్బా, ఒక్కటే పచ్చ గరాటు,
తోట తెగినంక ఒక్కసారే తీరుస్తడు.
"పెట్రోలుకు ఇంకో డబ్బా, ఇంకో అప్పా?
ఒక ఇంట్ల రెండు పొయ్యిలు పెట్టినట్టు."

(మా జడ్చర్ల బ్రాంచోళ్ళు వేరే చెప్తరు:
తొమ్మిది కొట్టంగ మన్ననూరు గేటు మూస్తరు,
ఎనిమిది మందిని ఎక్కిచ్చుకోని
ఆ లోపల ఘాటు పట్టాలె,
శ్రీశైలం మల్లన్న ఆగుతడు గని
ఫారెస్టోళ్ళు ఆగరు అని.)

అయినా జానయ్యను కూసోబెట్టిన.
బటన్ నొక్కిన.
"స్టార్ట్ గాలే" అన్నడు.
అయింది అన్న.
డాష్‌బోర్డు మీద అరచెయ్యి పెట్టి చూసిండు,
జరమొచ్చిన బర్రె మీద పెట్టినట్టు.
నాలుగు దిక్కులు తిరిగి
క్లాక్ టవర్ కాడ ఆగినం.
గుర్రుమంటున్న ఇంజను తనంతట తనే ఊకుంది.
జానయ్య ఉలిక్కిపడ్డడు.
"కరెంటు పోయిందా?"

ఇరవై ఏండ్లు రాత్రి కరెంటుకు
బాయికాడ పండుకున్న మనిషి.
మోటరు మోగుతుంటే నిద్ర,
ఆగిందంటే మెలకువ.
ఫ్యూజు పోయిందా, నీళ్ళు అడుగంటినయా,
స్టార్టరు కాలిందా,
చీకట్ల చెప్పులు దొరకక
వట్టిగనే ఉరికిన కాళ్ళు అవి.
నీ పటంల సప్పుడంటే పొగ, సారూ.
ఆయనకు సప్పుడంటే
మడిల నీళ్ళు పారుతున్నయన్న కబురు.

డీజిలే కొన్నడు. తెల్లది.
కంపెనీ ఫారంల గడులు ఉంటయి గద,
ధర, మైలేజీ, రంగు, ఇతరములు.
ఇతరముల కాడ టిక్కు కొట్టి పంపిన.

మూడు నెల్లకు సర్వీసింగుకు తెచ్చిండు.
డిక్కీ నిండ బత్తాయి వాసన.
బయట ఎండ మండుతున్నది,
ఇంక రెండు గంటలైనా పడుతది.
"ఆ మూగ బండి ఉన్నదా ఇంక?"
ఉన్నది. ఎవరూ కొనలే.
"జర అండ్ల కూసుంట. ఊకెనే."
తలుపేసి, ఏసీ పెట్టి వచ్చిన.

కాసేపటికి అద్దంలకెల్లి చూస్తే
తువ్వాల మెడకింద పెట్టుకోని
నోరు తెరిచి నిద్రపోతున్నడు.
ఇంజను ఒకసారి లేచి గుర్రుమన్నది,
మల్ల ఊకుంది.
ఆయన కదలలే.

అప్పుడే సారు ఫోను,
ఆ రెండు లైన్లు ఏమైనయి అని.
బయటికి పోయి ఎత్తిన,
ఎండల నిలబడి
చిన్నగ మాట్లాడిన.