కలిసొచ్చింది

గిరింపేట షేరాటోలో
ముగ్గురి సీటుకు ఐదుగురం.
"వాటంగా కూసో నాయనా" అంది మొగిలమ్మ,
తనకు సగం తొడే ఆని ఉంది సీటుకి.

రాత్రే చూశాను నిఘంటువులో:
కన్వీనియెన్స్ అంటే
లాటిన్ మూలంలో అచ్చంగా కలిసి రావడమే.
అదెట్లా, ఏ మలుపులో దిగిపోయి
గొళ్ళెమున్న గదైంది,
బస్టాండు వెనక ఐదు రూపాయల మరుగైంది,
"మీ వీలు చూసుకుని రండి" అంటూ
రావద్దనడమైంది?

మురకంబట్టు కాడ ఇంకొకాయన చెయ్యెత్తాడు.
మొగిలమ్మ జరిగింది.
ఎక్కడికి జరిగిందో, చోటు మాత్రం అయింది.
ఆమె ఖాళీ గంప నా ఒళ్ళోకొచ్చింది.

"మండీలో ఈపొద్దు రేటు కలిసొచ్చిందబ్బా"
అంది, అందరికీ కలిపి.

గంప అడుగున బెల్లం జిగురు.
చెయ్యి తియ్యబుద్ధి కాలేదు.