సల్మాబాద్‌లో చలికాలం

శుక్రవారం. గల్లీల షట్టర్లన్నీ దిగి ఉన్నయి.
మాది ఛాతీ ఎత్తు మాత్రం లేపి
లింబాద్రి బండిని లోపలికి తోసినం.

"తాగుతుందన్నా" అన్నడు,
"టాంకు నింపితె మూడొందలు పోవాలె,
నూట తొంభైకే రిజర్వుకొస్తుంది."
ముహరఖ్ దాకా ఇస్త్రీ తోబులు మోస్తడు,
లాండ్రీ సేటు మీటరు చూసి పెట్రోలు పైసలిస్తడు.
రాత్రిళ్ళు ఎవరో పైపు పెట్టి గుంజుతున్నరని
వారం దినాలు బండి పక్కన చాపేసుకొని పండిండట.
దొంగ దొరకలె.
దోమలు దొరికినయి.

బండి అసలు రొమెల్‌ది.
మనీలాకు ఎల్లిపోతూ సగం ధరకిచ్చిండు.
అందుల సగమే కంపెనీది,
మిగతాది రొమెల్ సెలవు దినాలు:
సైలెన్సరు కోసిండు,
ఎయిర్ బాక్స్ పారేసి కోను ఫిల్టరు పెట్టిండు,
హ్యాండిలు కొంగమెడ లెక్క లేపిండు,
ముందట ఇంకేదో బండి చక్రం, పెద్దది.
పోయేటోళ్ళు బండి అమ్ముతరు గని
ఏది ఎందుకు మార్చిన్రో చెప్పి పోరు.

మొదలు ముక్కు పెట్టిన. కారుడు లేదు.
వెనక చక్రం లేపి తిప్పిన, బ్రేకు పట్టుకుంటలేదు.
ప్లగ్గు ఇప్పిన.
నల్లగ, మెత్తగ. కండ్లకు కాటుక పెట్టుకోవచ్చు.
కాలని పెట్రోలు ఇట్లనే రాసిపెట్టి పోతది.

ఫిల్టరు చుట్టు ఏదో గుడ్డ.
"ఇదేంది?"
"నా బనీను. దుమ్ము పోవద్దని."
దుమ్ము పోలే. గాలీ పోలే.
ఇప్పి చేతికిస్తే
మారు మాట్లాడక జేబుల కుక్కుకున్నడు.

కార్బురేటరు దించిన.
మెయిన్ జెట్టు మీది అంకె కంటికి ఆనదు,
సెల్లు లైటేస్తే నూట ముప్ఫై.
నూట ఇరవై చాలు దానికి, మార్చిన.
సూది మీద క్లిప్పు ఒక గాటు పైకి.
ఫ్లోటు సరిగనే ఉంది,
దాన్ని అనుమానించినందుకు
తుడిచి మరీ పెట్టిన.

అయినా పొగ నల్లగనే.
ఫ్యాను ఉడుకును ఈ మూల నుంచి ఆ మూలకు పంచుతుంది.
ఏం తోచక హ్యాండిలు ఎడమకు తిప్పిన,
ఇంజను గొంతు మారింది.
కుడికి తిప్పిన, మళ్ళ మారింది.
లేపిన హ్యాండిలుకు
పాత పొట్టి కేబులు!
చోక్ సగం గుంజుకొనే ఉంది
రొమెల్ కాలం నుంచి.

పొద్దుగాల రెండు నిమిషాలు పెట్టే ముద్దను
రెండేండ్ల సంది దినమంతా కుక్కినం.
తారు చెప్పులకంటే జూన్ నెలల
బండి ఒక్కటే
చలికాలం తెల్లారుజామనుకొని
వణుక్కుంటూ తాగింది.

నాలుగు వేళ్ళ పొడుగు ఎక్కువది ఏసిన.
పొగ పోయింది.
సిత్రా దాకా రెండుసార్లు పోయొచ్చి
సీసాతో కొలిచి పోసినం.
చానా నయం. గని ఇంకెక్కడనో తక్కువ.

అప్పుడు ముందటి చక్రం గుర్తొచ్చింది.
టైరుకో సుద్ద గీత, నేలకో సుద్ద గీత,
ఒక్క చుట్టు తోసి టేపు పట్టినం.
మీటరు ఇంకా ఆ పాత చిన్న చక్రాన్నే లెక్కపెడుతుంది.
అది నూరన్నప్పుడల్లా
నేల మీద నూట పది.

లింబాద్రి టేపు చుట్టకుండనే నిలబడ్డడు.
"అంటే నేను ఎక్కువ తిరిగిన్నా?"
అట్టముక్క మీద లెక్కేసిన. నాలుగు వేల చిల్లర.
"వీటికి సేటు పైసలియ్యలే."
"మీటరు చెప్పలే, ఆయన ఇయ్యలే."

సరిచేయాల్నా అనడిగితే
షట్టరు కింది ఎండను చానాసేపు చూసిండు.
"వద్దన్నా. రేపటి సంది అంకె పెరిగితే
నన్నే దొంగంటడు."

కిక్కు కొట్టిండు. పోయిండు.
పొగలేని బండి మూల తిరిగేదాకా చూసిన.

నేల మీది గీతలు తుడవలే.
శనివారం మా జాసిం వచ్చి
ఇదేందని కాలితో చూపిస్తే
కొలత అన్న.
దేని కొలతని
వాడు అడగలే.